పర్చేజ్‌కి కబురు ఎందుకు ఆలస్యంగా చేరుతుంది?

మెయింటెనెన్స్ నుంచి పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌కి ఒక ఇండెంట్ (కావాల్సిన సరుకు రాసిన చీటీ) వస్తుంది: "బేరింగ్ 6205, 10 నంబర్లు, అర్జెంట్." రాసినవాళ్ళకి అందులో లోటేమీ కనిపించదు. వస్తువు ఉంది, ఎన్ని కావాలో ఉంది, తొందర కూడా ఉంది. కొనాల్సిన మనిషికి మాత్రం అందులో సగమే ఉంది. 6205 అన్న నంబరు కొలతలు చెబుతుంది: లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 52, వెడల్పు 15. అంతే. దాని వెనక 2ఆర్ఎస్ అని ఉంటే రెండు పక్కలా రబ్బరు సీళ్ళు ఉంటాయి, జెడ్‌జెడ్ అని ఉంటే రేకు మూతలు ఉంటాయి, ఏమీ లేకపోతే రెండు పక్కలా తెరిచి ఉంటుంది. సీ3 అని ఉంటే లోపల గోళీలకి మామూలుకన్నా కాస్త ఎక్కువ సందు ఉందని అర్థం. నడుస్తూ బాగా వేడెక్కే మోటార్లకి సాధారణంగా అదే అడుగుతారు.

ఇండెంట్‌లో ఇవేవీ లేవు. పర్చేజ్ వాళ్ళు ఉన్నది ఉన్నట్టు పీఓలో (సప్లయర్‌కి వెళ్ళే పర్చేజ్ ఆర్డర్‌లో) ఎక్కించారు. సప్లయర్ తన దగ్గర ఉన్న 6205 పంపాడు. బేరింగ్ షాఫ్ట్ మీద సరిగ్గా కూర్చుంది, మోటారు తిరిగింది, కొన్నాళ్ళకి వేడెక్కి ఆగిపోయింది. ఇక మాటలు మొదలవుతాయి. "పర్చేజ్ వాళ్ళు చీప్ సరుకు తెచ్చి మా నెత్తిన పెట్టారు" అంటుంది మెయింటెనెన్స్. "ఇండెంట్‌లో ఉన్నదే తెచ్చాం" అంటుంది పర్చేజ్. "పీఓలో ఉన్నదే ఇచ్చాం" అంటాడు సప్లయర్. ముగ్గురిలో అబద్ధం ఆడినవాళ్ళు లేరు. ఫిట్టర్‌ని పిలిచి, "పాత బేరింగ్ మీద ఏం రాసి ఉందో చదివి చెప్పు" అని అడిగినవాళ్ళు కూడా లేరు.

పర్చేజ్ పని గురించి చెప్పేటప్పుడు బేరం, రేటు, డిస్కౌంట్ అనే మాటలే ముందు వస్తాయి. రోజంతా ఆ సీట్లో కూర్చునే మనిషిని గమనిస్తే బేరానికి పట్టే సమయం చాలా తక్కువ. మిగతాదంతా అడగడం, రాయడం, గుర్తుచేయడం, ఒకరి మాటని ఇంకొకరికి అర్థమయ్యేలా మార్చి చెప్పడం. కంపెనీ లోపలి మనుషులు అవసరం గురించి మాట్లాడతారు. బయటి సప్లయర్లు కేటలాగ్ గురించి, డ్రాయింగ్ గురించి, తేదీల గురించి మాట్లాడతారు. మధ్యలో ఉన్నవాళ్ళు ఎంత బాగా అడిగితే సరుకు అంత సరిగ్గా వస్తుంది. ఈ పని చెడిపోయిన చోట ఎక్కువగా కనిపించే లక్షణం ఒక్కటే: కబురు ఆలస్యంగా వస్తుంది. లోపలివాళ్ళు అవసరాన్ని చివరి నిమిషం దాకా చెప్పరు, బయటివాళ్ళు ఇబ్బందిని చివరి నిమిషం దాకా దాచుతారు. రెండూ వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి గానీ, చాలా చోట్ల మూలం పర్చేజ్ మాట్లాడే తీరులోనే ఉంటుంది.

అర్జెంట్ అనే ముద్ర

ముందు లోపలి సంగతి చూద్దాం. ఒక డిపార్ట్‌మెంట్‌కి ఏదో యంత్రం కావాలి. ఆరు నెలల ముందే ఆ సంగతి వాళ్ళకి తెలుసు. అయినా పర్చేజ్‌కి చెప్పరు. ఈలోగా ఇంజినీరు తనంతట తానే ఇద్దరు సేల్స్ వాళ్ళతో మాట్లాడతాడు, డెమో చూస్తాడు, మోడల్ ఖాయం చేసుకుంటాడు, "దాదాపు మీకే వస్తుంది లెండి" అని మాట కూడా జారుస్తాడు. ఆ తర్వాత ఇండెంట్ పెడతాడు. అందులో మోడల్ పేరుతో సహా ఒకే కంపెనీ సరుకు రాసి ఉంటుంది. ఇప్పుడు పర్చేజ్ వాళ్ళు ఫోన్ చేసి రేటు తగ్గించమంటే, ఆ సేల్స్ మనిషి ఎందుకు తగ్గిస్తాడు? ఆర్డర్ తనదేనని అతనికి ఎప్పుడో తెలిసిపోయింది.

దీన్ని ఇంజినీరు తప్పుగా చూడటం తేలిక. అతను పర్చేజ్ దగ్గరికి ముందే ఎందుకు రాలేదో కూడా అడగాలి. చాలా చోట్ల పర్చేజ్ నుంచి లోపలికి వెళ్ళే మాటలు మూడే రకాలు: "ఫారం సరిగ్గా నింపలేదు", "మూడు కొటేషన్లు కావాలి", "అప్రూవల్ రాలేదు." మూడూ అడ్డుపుల్లల్లాగే వినిపిస్తాయి. మూడు కొటేషన్లు ఎందుకు కావాలో, అప్రూవల్ ఎవరి దగ్గర ఆగిందో, ఎన్ని రోజులు పట్టొచ్చో చెప్పేవాళ్ళు తక్కువ. చెక్‌పోస్ట్ దగ్గరికి ఎవరైనా తప్పనిసరి అయితేనే వెళ్తారు, అదీ వీలైనంత ఆలస్యంగా.

అర్జెంట్ అనే మాట ఇలాగే అరిగిపోతుంది. మామూలుగా పెట్టిన ఇండెంట్ మూడు వారాలు కదలకపోతే, తర్వాతి ఇండెంట్ మీద అర్జెంట్ అని రాస్తారు. అది పనిచేసిందని తెలియగానే పక్క డిపార్ట్‌మెంట్ కూడా అదే రాస్తుంది. చివరికి అన్ని ఇండెంట్లూ అర్జెంటే అవుతాయి, నిజంగా లైను ఆగిపోయే పని కూడా ఆ కట్టలో కలిసిపోతుంది. దీనికి ఇంకో ముద్ర తయారు చేయించి "వెరీ అర్జెంట్" అని కొట్టించినా కొద్ది రోజులే పనిచేస్తుంది. ఇండెంట్ తీసుకునేటప్పుడు రెండు ప్రశ్నలు అడగడం మేలు: "ఇది ఏ తేదీకి చేతిలో ఉండాలి? ఆ తేదీకి రాకపోతే ఏం ఆగుతుంది?" రెండో ప్రశ్నకి జవాబు లేనివాళ్ళు చాలాసార్లు తామే అర్జెంట్ అనే మాట కొట్టేస్తారు.

ఇండెంట్ ఇచ్చాక వచ్చే నిశ్శబ్దం ఇంకో సమస్య. ఇచ్చినవాళ్ళకి అది బావిలో వేసిన రాయి. పర్చేజ్ నుంచి సప్లయర్లకి రేటు అడిగే ఎంక్వైరీలు వెళ్తుంటాయి, ఒక సప్లయర్ డ్రాయింగ్ మీద సందేహం అడుగుతాడు, ఇంకొకరు రేటు పెంచుతారు, అకౌంట్స్ బడ్జెట్ హెడ్ మార్చమంటుంది. ఇంత పని జరుగుతున్నా బయటికి ఒక్క ముక్క రాదు. అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అన్న జవాబు. దానిలో సమాచారం ఏమీ లేదు. "రెండు కొటేషన్లు వచ్చాయి, మూడోది గురువారానికి వస్తుంది, మీరు సోమవారం టెక్నికల్‌గా చూసి చెబితే ఆ వారంలో పీఓ వెళ్తుంది" అంటే అదే సంగతి మనిషిని కుదుటపరుస్తుంది. పైగా సోమవారం నాటి బంతి తన కోర్టులో ఉందని కూడా అతనికి తెలుస్తుంది.

అవసరాన్ని రాబట్టడంలో ఒక కిటుకు ఉంది. "ఏ వస్తువు కావాలి?" అని అడిగితే బ్రాండ్ పేరు వస్తుంది. "దీనితో ఏ పని చేస్తారు?" అని అడిగితే అసలు అవసరం బయటికి వస్తుంది. గ్లోవ్స్ కావాలన్నవాళ్ళని దేనికి వాడతారో అడగండి. నూనెలో చేతులు పెట్టడానికా, ఆసిడ్ పోయడానికా, పదునైన రేకులు మోయడానికా అన్నదాన్ని బట్టి గ్లోవ్స్ రకమే మారిపోతుంది. 200 అని రాసి ఉంటే అవి 200 జతలా, 200 విడి గ్లోవ్సా, 200 పెట్టెలా అన్నది కూడా అడగాల్సిందే. ఈ ప్రశ్న వెర్రిగా అనిపిస్తుంది. స్టోర్స్‌లో పెట్టెల గుట్ట వచ్చి పడ్డ రోజున అలా అనిపించదు. నాణ్యత నిర్వహణకి పెట్టిన ఐఎస్ఓ 9001 ప్రమాణం 2015 కూర్పులో 8.4.3 అనే క్లాజ్ దీని గురించే: సప్లయర్‌కి చెప్పే ముందే, చెప్పబోయేది సరిపోతుందో లేదో సంస్థ చూసుకోవాలి. ఆడిట్ రోజున ఈ క్లాజ్ కోసం ఫైలు వెతుకుతారు. అసలు అది పనికొచ్చేది పీఓ టైప్ చేసే ముందు ఐదు నిమిషాల్లో.

రాసినది, సరిచూసినది

ఇక గేటు బయటికి. ఎంక్వైరీ పంపేటప్పుడు పర్చేజ్ పాటించాల్సిన మొదటి మర్యాద, అందరికీ ఒకే సమాచారం ఇవ్వడం. ఒక సప్లయర్ ఫోన్ చేసి, "ట్యాంకు లోపల కోటింగ్ కావాలా వద్దా?" అని అడిగాడనుకుందాం. ఇంజినీరుని కనుక్కుని "కావాలి" అని అతనికి మాత్రమే చెబితే, మిగతా ఇద్దరూ కోటింగ్ లేకుండా రేటు వేస్తారు. రేట్లన్నీ పక్కపక్కన పెట్టి చూసే కంపారిటివ్ స్టేట్‌మెంట్‌లో ప్రశ్న అడిగినవాడే ఎక్కువ రేటు వేసినట్టు కనిపిస్తాడు, తెలివైన ప్రశ్నకి అతనికి దక్కేది ఆర్డర్ పోవడం. అందుకే జవాబు ముగ్గురికీ రాతలో వెళ్ళాలి. అన్యాయం జరిగిందన్న మాట రాకుండా ఉండటం ఒక లాభం, రేట్లు పోల్చడానికి వీలుగా ఉండటం అంతకన్నా పెద్ద లాభం.

ఆర్డర్ రానివాళ్ళకి ఒక్క లైన్ మెయిల్ పెట్టడం చాలా చోట్ల అసలు అలవాటే లేదు. రెండు రోజులు కూర్చుని లెక్కలు వేసి కొటేషన్ ఇచ్చిన మనిషి నెలపాటు ఎదురుచూసి తానే అర్థం చేసుకోవాలి. మూడోసారికి అతను లెక్క వేయడం మానేసి ఏదో ఒక పెద్ద అంకె రాసి పంపుతాడు. "మూడు కొటేషన్లు వచ్చాయి" అని ఫైలు మురిసిపోతుంది గానీ, పోటీ నిజానికి ఒక్కరితోనే జరిగింది.

పీఓ వెళ్ళాక పని అయిపోయిందనుకోవడం ఎంత ఖరీదో చెప్పే కేసు ఒకటి ఇంగ్లండ్ కోర్టుల్లో ఉంది. బట్లర్ మెషిన్ టూల్ అనే కంపెనీ 1969 మే 23న ఒక యంత్రానికి 75,535 పౌండ్లు అని కొటేషన్ ఇచ్చింది. డెలివరీ నాటికి ఖర్చులు పెరిగితే రేటు పెంచుకుంటామన్న షరతు దాని వెనక ఉంది. కొన్న ఎక్స్‌-సెల్‌-ఓ కంపెనీ తన షరతులున్న ఆర్డర్ ఫారం పంపింది, వాటిలో రేటు పెంచే మాటే లేదు. ఆ ఫారం అడుగున చించి ఇచ్చే ఒక చిన్న స్లిప్ ఉంది: ఈ ఆర్డర్‌ని ఇందులోని షరతుల మీదే అంగీకరిస్తున్నాం అని. బట్లర్ వాళ్ళు ఆ స్లిప్ మీద సంతకం చేసి తిరిగి పంపారు. తర్వాత యంత్రం సిద్ధమయ్యాక 2,892 పౌండ్లు అదనంగా అడిగారు. 1977లో అప్పీల్ కోర్టు కొన్నవాళ్ళ పక్షాన తీర్పు ఇచ్చింది, దానికి ఆ స్లిప్పే ప్రధాన ఆధారం. రెండు కంపెనీలూ ఒకే బేరం కుదిరిందనుకున్నాయి, నిజానికి ఎవరి కాగితం వాళ్ళు చదువుకున్నారు. పీఓకి సప్లయర్ నుంచి అంగీకారం రాతలో తీసుకోవాలని పర్చేజ్ మాన్యువల్స్ పట్టుబట్టడానికి కారణం ఇలాంటివే. వచ్చిన అంగీకారాన్ని చదవకుండా ఫైల్లో పెడితే మాత్రం అది కాగితమే. కొందరు సప్లయర్లు "మీ ఆర్డర్ అందింది, ధన్యవాదాలు" అంటూనే కింద చిన్న అక్షరాల్లో డెలివరీని రెండు వారాలు జరిపేస్తారు.

తేదీ విషయంలో అపార్థాలు మరీ ఎక్కువ. "20కి ఇస్తాం" అంటాడు సప్లయర్. 20న సరుకు తన గేటు దాటుతుందని అతని లెక్క. 20న మన స్టోర్స్‌లో దిగుతుందని పర్చేజ్ లెక్క. 20 ఉదయం లైను మీద ఉంటుందని ప్రొడక్షన్ లెక్క, మధ్యలో క్యూసీ (నాణ్యత) తనిఖీకి రెండు రోజులు పడుతుందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఒకే అంకె, మూడు అర్థాలు. దేశాలు దాటే వ్యాపారంలో ఈ తికమక తీర్చడానికే ఇంటర్నేషనల్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ 1936లో ఇన్‌కోటర్మ్స్ అనే నియమాలు తెచ్చింది. 2020 కూర్పులో అలాంటి నియమాలు 11 ఉన్నాయి. ఈఎక్స్‌డబ్ల్యూ అంటే సరుకు అమ్మేవాడి గుమ్మంలోనే అప్పగింత. డీడీపీ అంటే సుంకాలతో సహా కొనేవాడి చోటు దాకా అమ్మేవాడి పూచీ. ఏ చోట బాధ్యత చేతులు మారుతుందో మూడక్షరాల్లో తేలిపోతుంది, ఆ అక్షరాల పక్కన ఊరి పేరు కూడా రాస్తేనే. పక్క వీధి సప్లయర్‌తో వ్యవహారానికి ఇన్‌కోటర్మ్స్ అక్కర్లేదు. "మా స్టోర్స్‌లో దిగాల్సిన తేదీ" అని పీఓలో నాలుగు మాటలు రాస్తే చాలు.

రాస్తే అంతా సరిపోతుందని అనుకోవడానికీ లేదు. 1999 సెప్టెంబర్ 23న నాసా వాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక అంగారకుడి దగ్గర పోయింది. కాంట్రాక్టర్ సంస్థ లాక్‌హీడ్ మార్టిన్ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఒక విలువని పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చింది, అందుకున్నవాళ్ళు దాన్ని న్యూటన్ సెకన్లుగా లెక్కకట్టారు. రెంటి మధ్య తేడా సుమారు 4.45 రెట్లు. విశేషం ఏమిటంటే, మెట్రిక్ యూనిట్లే వాడాలని స్పెసిఫికేషన్‌లో ముందే ఉంది. రాశారు, పంపారు, అందింది. వచ్చిన సరుకు ఆ రాతకి సరిపోయిందో లేదో చివరిదాకా సరిచూసినవాళ్ళు లేరు. జట్ల మధ్య మాటలు సరిగ్గా నడవకపోవడాన్ని కూడా విచారణ బోర్డు కారణాల్లో చేర్చింది. అంత దూరం పోనక్కర్లేదు. డ్రాయింగ్‌లో రివిజన్ నంబరు మారి, పీఓలో పాతది ఉండిపోతే సప్లయర్ పాత డ్రాయింగ్ ప్రకారమే చక్కగా కోసి పంపుతాడు. ముఖ్యమైన ఆర్డర్ విషయంలో "అందిందా?" అని కాకుండా, "మీకు అర్థమైనది ఒకసారి చెప్పండి" అని అడగాలి. అవతలి మనిషి తన మాటల్లో చెప్పినప్పుడే తేడా బయటపడుతుంది.

చెడ్డ కబురు

పర్చేజ్ కమ్యూనికేషన్ గురించి ఒకే ఒక్క సంఘటన చెప్పుకోవాలంటే 2000 మార్చి 17 నాటిది చెప్పుకోవాలి. అమెరికాలోని ఆల్బుకర్కీలో ఫిలిప్స్ సంస్థకి చిప్‌లు తయారుచేసే ప్లాంటు ఉండేది. ఆ రాత్రి పిడుగు పడి కరెంటు తేడా చేసింది, ప్లాంటులో చిన్న మంట లేచింది. పది నిమిషాల్లో ఆరిపోయింది. మంట వల్ల కన్నా, పొగ, నీళ్ళు శుభ్రమైన గదుల్లోకి చేరడం వల్ల జరిగిన నష్టం పెద్దది. చిప్ తయారీలో దుమ్ము రేణువు కూడా పనికిరాదు. ఆ ప్లాంటు ఆర్డర్లలో సుమారు 40 శాతం రెండు ఫోన్ కంపెనీలవే: నోకియా, ఎరిక్సన్.

మూడు రోజుల తర్వాత, సోమవారం, ఫిలిప్స్ రెండు కంపెనీలకీ ఒకే కబురు చెప్పింది: చిన్న ప్రమాదం జరిగింది, ఒక వారం ఆలస్యం కావచ్చు. నోకియాలో దాన్ని విన్న పర్చేజ్ మనిషి కంగారు పడలేదు. పైవాళ్ళకి మాత్రం అప్పుడే చెప్పాడు. ఆ ప్లాంటు నుంచి వచ్చే విడిభాగాలని రోజూ కనిపెట్టే జాబితాలో చేర్చారు, ఫిలిప్స్‌కి వారానికోసారి కాకుండా రోజూ ఫోన్ చేయడం మొదలుపెట్టారు. రెండు వారాలు తిరిగేసరికి ఆలస్యం వారాల్లో కాదు, నెలల్లో అని తేలింది. అప్పటికే నోకియా మనుషులు వేరే సప్లయర్లతో మాటల్లో ఉన్నారు, ఫిలిప్స్ వేరే ప్లాంట్లలో ఖాళీ సామర్థ్యం తమకే కేటాయించాలని పట్టుబట్టారు. ఎరిక్సన్‌లో అదే కబురు కింది స్థాయిలో, ఒక టెక్నికల్ మనిషి ఇంకో టెక్నికల్ మనిషికి చెప్పిన మామూలు సంగతిలా ఉండిపోయింది. పై మేనేజర్ల దాకా వెళ్ళేసరికి వారాలు గడిచాయి, ఆ చిప్‌లు ఇంకెక్కడా దొరకలేదు. సుమారు 40 కోట్ల డాలర్ల అమ్మకాలు పోయాయని లెక్క. 2001లో ఎరిక్సన్ ఫోన్ల వ్యాపారాన్ని సోనీతో కలిపి వేరే సంస్థగా పెట్టుకుంది. దానికి కారణం ఈ ఒక్క మంటే అనడం అతిశయోక్తి. వాళ్ళకి వేరే ఇబ్బందులు కూడా ఉన్నాయి. అదే ఫోన్ కబురు ఒక కంపెనీలో పైకి వెళ్ళింది, ఇంకో కంపెనీలో అక్కడే ఆగింది అన్నది మాత్రం నిజం.

దీన్ని చాలామంది "రెండో సప్లయర్ ఉండాలి" అనే పాఠంగా చెబుతారు. అది సరే. దానికన్నా గమనించాల్సిన సంగతి ఇంకోటి ఉంది. సప్లయర్ చెప్పిన "ఒక వారం" అబద్ధం కాదు, ఆశ. ఇబ్బందిలో ఉన్న సప్లయర్ మొదట చెప్పే తేదీ దాదాపు ఎప్పుడూ ఆశే. పర్చేజ్ చేయాల్సిన పని ఆ ఆశని తోసిపుచ్చడం కాదు, దానికి రోజూ తాజా కబురు రాబట్టడం.

ఫాలో అప్ ఎలా చేస్తారన్నదే ఇక్కడ తేడా తెస్తుంది. "సార్, మెటీరియల్ ఎప్పుడు పంపుతారు?" అని అడిగితే "రేపు" అని జవాబు వస్తుంది, ఎందుకంటే ఆ ప్రశ్న ఆ జవాబునే కోరుకుంటోంది. "కాస్టింగ్ వచ్చిందా? మెషినింగ్ ఎంతవరకు అయింది? టెస్టింగ్ సర్టిఫికెట్ ఎవరు ఇస్తారు, ఎప్పుడు?" అని అడిగితే "రేపు" అనడం కష్టం. కాస్టింగే రాలేదన్న సంగతి బయటపడుతుంది, అప్పుడు రెండు వారాల ముందే తెలుస్తుంది. ఆ కబురు విన్న నిమిషంలో పర్చేజ్ మనిషి ఏమంటాడన్నది ఇంకా ముఖ్యం. "పెనాల్టీ వేస్తాం, బ్లాక్‌లిస్ట్ చేస్తాం" అని అరిస్తే ఆ సప్లయర్ నేర్చుకునే పాఠం ఒక్కటే: వచ్చేసారి చివరి రోజుదాకా చెప్పకూడదు. పెనాల్టీ షరతు పీఓలో ఉండాలి, అవసరమైతే వాడాలి. ముందుగా చెప్పినవాణ్ణీ చెప్పకుండా ముంచినవాణ్ణీ ఒకే గాటన కట్టడం మాత్రం తెలివైన పని కాదు.

ఇదంతా అందరు సప్లయర్లతోనూ చేయలేం, చేయనక్కర్లేదు కూడా. పీటర్ క్రాల్జిక్ 1983లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంలో కొనుగోళ్ళని రెండు కొలతల మీద విడదీశాడు: లాభం మీద ఎంత ప్రభావం, దొరకకపోయే ప్రమాదం ఎంత. పెన్నులు, కాగితాల సప్లయర్‌తో రోజూ ఫోన్ మాట్లాడటం ఇద్దరికీ టైమ్ వేస్ట్. అక్కడ కేటలాగ్, స్థిరమైన రేటు, ఒక ఆన్‌లైన్ ఆర్డర్ చాలు. దొరకడం కష్టమైన విడిభాగం, అదీ ఒక్కడే చేసేది అయితే, అతని ఫ్యాక్టరీలో మెషిన్ చెడిపోయిన సంగతి కూడా మనకి తెలిసి ఉండాలి. తమాషా ఏమిటంటే చాలా పర్చేజ్ ఆఫీసుల్లో రోజు గడిచేది పెన్నుల మీదే, ఎందుకంటే వాటికి ఇండెంట్లు ఎక్కువ వస్తాయి.

సప్లయర్‌కి అంచనా ముందుగా చెప్పడం గురించి కూడా ఒక మాట. కొనేవాడు ఆర్డర్ మాత్రమే చూపించి అసలు వాడకం దాచితే, సరఫరా గొలుసులో ఒక్కో మెట్టు పైకి వెళ్ళేకొద్దీ ఆర్డర్లలో హెచ్చుతగ్గులు పెరుగుతాయి. దీన్ని ఎంఐటీలో జే ఫారెస్టర్ 1961లోనే వివరించాడు, తర్వాత బుల్‌విప్ అనే పేరు స్థిరపడింది. పిల్లల డైపర్ల వాడకం రోజూ దాదాపు ఒకేలా ఉన్నా, ఫ్యాక్టరీకి చేరే ఆర్డర్లు ఎగిరిపడుతుండటం ప్రాక్టర్ అండ్ గాంబుల్ గమనించింది. సరుకు కొరత అని వినగానే కావాల్సినదానికి రెట్టింపు ఆర్డర్ పెట్టడం ఈ జబ్బుని ముదిరిస్తుంది. అవతలివాడు ఆ ఆర్డర్‌ని నమ్మి ముడిసరుకు కొంటాడు, నెల తర్వాత సగం క్యాన్సిల్ అవుతుంది. అలా రెండుసార్లు జరిగాక మన అంచనాలని అతను సగానికి తగ్గించి చదవడం మొదలుపెడతాడు.

ఫోన్, మెయిల్, బ్యాంక్ అకౌంట్

ఫోన్‌లో మాట్లాడాలా, మెయిల్ పెట్టాలా అన్న చర్చ ఎప్పుడూ ఉండేదే. గొడవ తీర్చడానికి ఫోన్, తేలినదాన్ని నిలబెట్టడానికి మెయిల్ అన్నది దాదాపు అన్ని చోట్లా పనికొచ్చే పద్ధతి. ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో "ఇప్పుడు మాట్లాడుకున్నది ఇది: 60 నంబర్లు 12కి, మిగతా 40 నంబర్లు 19కి మా స్టోర్స్‌లో. రవాణా మీది. తేడా ఉంటే ఇవాళే చెప్పండి" అని నాలుగు లైన్లు పంపితే ఆరు నెలల తర్వాత "నేనలా అనలేదు" అనే మాట రాదు. పెద్ద కంపెనీల మధ్య ఈ కాగితాలు మనిషి చెయ్యి తగలకుండానే వెళ్తాయి: కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి కాగితాలు పంపే ఈడీఐలో, ఎక్స్12 అనే పద్ధతిలో పీఓకి 850 అనే నంబరు, దాని అంగీకారానికి 855, బయల్దేరిన సరుకు కబురుకి 856, ఇన్వాయిస్‌కి 810. కంప్యూటర్ పొరపాట్లని తగ్గిస్తుంది, ఇండెంట్‌లో లేని సీ3ని మాత్రం అది కనిపెట్టలేదు.

మెయిల్‌ని గుడ్డిగా నమ్మడం ఎంత ప్రమాదమో ఇప్పుడు పర్చేజ్, అకౌంట్స్ రెంటికీ తెలియాలి. "మా బ్యాంక్ అకౌంట్ మారింది, ఇకపై ఇందులో వేయండి" అని పాత సప్లయర్ పేరుతో మెయిల్ వస్తుంది. లెటర్‌హెడ్ అదే, సంతకం అదే, మెయిల్ ఐడీలో ఒక్క అక్షరం తేడా. 2013 నుంచి 2015 వరకు లిథువేనియాకి చెందిన ఒకతను తైవాన్ హార్డ్‌వేర్ సప్లయర్ పేరుతో నకిలీ ఇన్వాయిస్‌లు పంపి గూగుల్, ఫేస్‌బుక్ నుంచి 12 కోట్ల డాలర్లకి పైగా రాబట్టాడు. 2019లో అతనికి ఐదేళ్ళ శిక్ష పడింది. ఈ తరహా మోసాల్లో 2023 ఒక్క ఏడాదిలోనే సుమారు 290 కోట్ల డాలర్లు పోయినట్టు అమెరికా ఎఫ్‌బీఐకి ఫిర్యాదులు అందాయి. విరుగుడు పాతకాలంది: మెయిల్‌లో ఇచ్చిన నంబరుకి కాకుండా, మన రికార్డులో ముందునుంచీ ఉన్న నంబరుకి ఫోన్ చేసి అడగడం. రోజూ మాట్లాడే గొంతు అయితే గుర్తుపట్టడం ఇంకా తేలిక. అకౌంట్ మార్పుని పర్చేజ్ వాళ్ళు ధ్రువీకరించారని అకౌంట్స్, అకౌంట్స్ చూసుకుంటుందని పర్చేజ్ అనుకునే చోటే డబ్బు జారిపోతుంది.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి, సప్లయర్ పర్చేజ్‌ని నిజంగా కొలిచే చోటు కూడా ఇదే. బిల్లు పాస్ కావాలంటే పీఓ, స్టోర్స్ ఇచ్చిన జీఆర్ఎన్ (సరుకు అందినట్టు రాసిన చీటీ), సప్లయర్ ఇన్వాయిస్, మూడూ కలవాలి. ఒక చోట 100, ఇంకో చోట 98 ఉంటే బిల్లు ఆగుతుంది. రెండు నంబర్లు రిజెక్ట్ అయ్యాయన్న సంగతి క్యూసీ రిజిస్టర్‌లో ఉంది, స్టోర్స్‌కి తెలుసు, సప్లయర్‌కి మాత్రం తెలియదు. అతను 45వ రోజున పేమెంట్ కోసం ఫోన్ చేస్తాడు. పర్చేజ్ మనిషి "అది అకౌంట్స్ వాళ్ళని అడగండి" అంటాడు. అకౌంట్స్ వాళ్ళు "జీఆర్ఎన్ కలవట్లేదు, స్టోర్స్‌ని అడగండి" అంటారు. స్టోర్స్ ఫోన్ ఎత్తదు. రిజెక్ట్ అయిన రోజునే "రెండింటికి బోర్ సైజు 0.05 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంది, ఫోటో జత చేశాం, 98కి బిల్లు మార్చి పంపండి" అని ఒక మెయిల్ వెళ్ళి ఉంటే అతను ఆ సాయంత్రమే బిల్లు మార్చేవాడు, తన మెషిన్ సెట్టింగ్ కూడా సరిచేసుకునేవాడు.

అదే సప్లయర్ ఫ్యాక్టరీలో వచ్చే నెల ఒక మెషిన్ ఆగుతుంది. చేతిలో ఐదుగురు కస్టమర్ల ఆర్డర్లు ఉంటాయి, సరుకు ముగ్గురికే సరిపోతుంది. ఎవరికి ముందు ఫోన్ చేసి సంగతి చెప్పాలి, ఎవరికి "రేపు పంపుతున్నాం సార్" అని నెట్టుకురావాలి అన్నది అతను ఒక్క నిమిషంలో తేల్చుకుంటాడు. ఆ నిమిషంలో అతనికి గుర్తొచ్చేవి పీఓ షరతులు కావు, 45వ రోజున తను చేసిన మూడు ఫోన్లు.